పూజలో పెట్టిన పానా

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి పటాల తర్వాత అంత భద్రంగా ఉండే వస్తువు మా తాతయ్య పానా ఒక్కటే. పానా అనడమే గానీ అది ఒట్టి పానా కాదు. తాతయ్య నంద్యాలలో ఒక పత్తి మిల్లులో చాలా ఏళ్ళు ఫిట్టరుగా చేసి, దగ్గు పట్టుకున్నాక పని మానేసి ఆళ్లగడ్డకు తిరిగి వచ్చేశాడు. వస్తూ వస్తూ తెచ్చుకున్న ఆస్తి అదొక్కటేనని మా జేజి, అంటే నాయనమ్మ, ఎగతాళి చేసేది. పాత లారీ కమాను పట్టా ముక్కను కాల్చి, కొట్టి, ఆకురాయితో అరగదీసి తన చేత్తో తానే చేసుకున్నాడు. జానెడు పొడవు. నడుమ నాలుగు రకాల నట్లకు సరిపోయే నాలుగు బెజ్జాలు. ఒక కొస నాలుకలాగా పలచగా వంగి ఉండేది. దాన్ని రిమ్ముకూ టైరుకూ మధ్య దూర్చి ఒక్క తిప్పు తిప్పితే టైరు పైకి లేచేది. రెండో కొసన చైను కూర్చునే చిన్న గాడి, దాని వెనక లింకులోని పిన్నును బయటికి నెట్టే స్క్రూ. ఒక పక్కంతా గరుకు గాట్లు, ప్యాచీ వేసే ముందు ట్యూబును గీకడానికి. పని లేనప్పుడు అది సైకిలు సీటు కింది తోలు సంచిలో పడుకుని ఉండేది.

ఇప్పుడు మా తమ్ముడి కూతురు నంద్యాలలో పొద్దున్నే వ్యాయామానికని సైకిలు తొక్కుతుంది. ఆమె దగ్గరా అలాంటిదే ఒకటుంది, మడతలు మడతలుగా, అరచేతిలో ఇమిడిపోయేది. "చూడత్తా, దీంట్లో పదహారు రకాలుండాయి" అంటుంది. మా తాతయ్య దాంట్లో ఉన్నవి నాలుగైదే, అన్నీ పనికొచ్చేవే అని నేనంటే నవ్వుతుంది. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఏది అడిగినా వివరంగా చెప్పకుండా ఉండలేను. కానీ ఆ పానా సంగతి మాత్రం అంతకు మించి ఆమెకు చెప్పలేదు.

మా ఇల్లు అహోబిలం పోయే దారిలో, ఊరు అయిపోయి చేలు మొదలయ్యే చోట ఉండేది. ఆ దారిన పోయేవాళ్ళ సైకిళ్ళన్నీ సరిగ్గా మా ఇంటి ముందే పాడవుతాయని అమ్మ విసుక్కునేది. నిజానికి అవి పాడయ్యేది ఎక్కడో, తోసుకుంటూ తెచ్చేది మాత్రం మా అరుగు దగ్గరికి. తాతయ్య అన్నం తింటున్నా సరే చెయ్యి కడుక్కుని లేచేవాడు. "ఏందప్పా, యాడ తెగింది?" అంటూ సైకిలును తలకిందులుగా నిలబెట్టేవాడు. నేను పక్కనే గొంతుక్కూర్చుని చూసేదాన్ని. పని అయ్యాక, అహోబిలం పోతే నా పేరు చెప్పి ఒక దండం పెట్టుకోండప్పా అని పంపించేవాడు. తాను కొండకు పోయింది తక్కువ. ఆయన పేరున పడిన దండాలకు మాత్రం లెక్క ఉండదు.

మా పక్కింటి అక్క కర్నూలులో నర్సు ట్రైనింగు ముగించుకుని వచ్చి, చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులు చూసేది. మా వీధిలో సైకిలెక్కిన మొదటి ఆడమనిషి ఆమే. మొదట్లో జనం తలుపుల దగ్గర నిలబడి మరీ చూశారు. మగవాళ్ళు గొంతు సవరించుకునేవారు, ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవారు. ఆమె ఎవరినీ పట్టించుకోకుండా గంట కొట్టుకుంటూ పోయేది. పదేళ్ళ నాకు ఆమెను మించిన మనిషి లోకంలో లేదు. ఆమె కూడా నన్ను ముద్దుగానే చూసుకునేది. సాయంత్రాలు తన లేడీస్ సైకిలు మీద నన్ను కూర్చోబెట్టి, వెనక క్యారియరు పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పరుగెత్తేది.

దసరా సెలవులిచ్చిన మొదటి రోజుల్లో నేను అక్కను అడక్కుండా ఆ సైకిలు తీసుకుపోయి మలుపు దగ్గర గోడకు కొట్టాను. ముందు మడ్‌గార్డు వంగిపోయింది. గోడకు ఆనించి పెట్టిన సైకిలును మేక పొడిచి పడేసిందని చెప్పాను. "ఆ మేక యాడుందో చూపీ పాపా, దాన్ని కట్టేద్దాం" అని అక్క నవ్వుతూనే అడిగింది. అప్పుడైనా ఒప్పుకుని ఉంటే అంతటితో పోయేది. నేను మేకనే పట్టుకుని వేలాడాను. అక్క నవ్వు మానేసి, మా అమ్మ ముందరే, "అబద్ధాలు మానిందాకా నీకు సైకిలు ఇయ్యను" అని చెప్పి వెళ్ళిపోయింది. అమ్మ చేతిలో నాకు రెండు తగిలాయి. దెబ్బలు గంటలో మరచిపోయాను. మరుసటి సాయంత్రం ఎదురింటి పిల్లను సీటు మీద కూర్చోబెట్టుకుని అక్క అలాగే పరుగెత్తడం కిటికీలోంచి చూశాను. అప్పుడు మండింది నాకు కడుపు.

ఆ వారంలోనే మహర్నవమి వచ్చింది. ఆ రోజు మా వైపు పనిముట్టుకు పని చెప్పరు. నాగలి, కొడవలి, త్రాసు, కుట్టుమిషను, ఎవరికి ఏది అన్నం పెడుతుందో దాన్ని కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు ఉంచుతారు. దశమి పొద్దున హారతి ఇచ్చేదాకా ముట్టుకోరు. సైకిలు షాపులవాళ్ళు పంపులూ పానాలూ అన్నీ పూజలో పెట్టి తలుపులు వేసుకునేవారు. ఇళ్ళలోని సైకిళ్ళకు కూడా బంతిపూల దండలు వేసి నడవలో నిలబెట్టేవారు. మా తాతయ్యకు అన్ని పండగల్లోకీ ఇదే పెద్దది. తెల్లవారగానే పానాను కిరసనాయిలుతో తుడిచి, కొబ్బరినూనె రాసి, పసుపు గుడ్డ మీద పడుకోబెట్టి, బెజ్జం బెజ్జానికీ ఒక కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన ముఖం చంటిబిడ్డకు నీళ్ళు పోస్తున్న తల్లి ముఖంలా ఉండేది. "ఏడాదంతా చాకిరీ చేస్తాది. ఈ ఒక్క పొద్దు దీనికి సెలవు. ఎవురూ ముట్టుకోగూడదు" అని ఇంటిల్లిపాదికీ చెప్పేవాడు.

ఆ నవమినాడు పూజ అయ్యాక అమ్మా జేజీ నైవేద్యం పట్టుకుని అమ్మవారి గుడికి పోయారు. నాయన మా మేనత్తను పిలుచుకొని రావడానికి నంద్యాల పోయాడు. తాతయ్య సాయంత్రం పూజకు పూలు కోస్తానని పెరటి వెనక బావి దగ్గరున్న బంతి మడికి పోయాడు. దీపం కొండెక్కకుండా నూనె పోస్తూ, పిల్లి రాకుండా చూసుకుంటూ ఉండమని నన్ను పూజ గది ముందు కూర్చోబెట్టారు.

ఎండ ఎక్కుతున్న వేళ పక్కింటి అక్క మా గడప ముందుకు వచ్చి నిలబడింది. ఒక చేత్తో సైకిలు, ఇంకో చేతిలో నల్లటి నూనె కారుతున్న చైను. ఆ పొద్దున్నే వేరే ఊరిలో ఒక కాన్పు చూసి వచ్చిందట, ఇంకా తలకు పోసుకోలేదు. పండగపూట మైలతో మా ఇంట్లోకి రావడం ఇష్టం లేక బయటే ఆగింది. ఆరు మైళ్ళ అవతల పల్లెలో ఒకామెకు తొలి కాన్పు అని, నొప్పులు మొదలై చాలాసేపయిందని, అటు నుంచి నంద్యాల వైపు బండి తోలుకుంటూ పోతున్న ఎవరో చెప్పి పోయారని గబగబా చెప్పింది.

"చైను తెగింది పాపా. తాతను పిలువు."

"తాత లేడు" అన్నాను.

"యాడికి పోయినాడు?"

"తెలీదు."

"పోనీ, ఆ పానా అన్నా ఇయ్యి. నేనే ఎట్లో ఒగట్ల తిప్పుకుంటా."

"పూజలో పెట్టినారు. ఈ పొద్దు ముట్టుకోగూడదని తాత చెప్పినాడు."

ఇందులో చివరి మాట నిజం. దాన్ని పట్టుకునే ఇన్నేళ్ళూ నేను తప్పించుకున్నాను. బంతి మడి మా ఇంటికి రెండు కేకల దూరం. పెరటి తలుపు తీసి ఒక్కసారి తాతా అంటే పలికేవాడు. పూజ మీద భక్తి, తాతయ్య మాట మీద గౌరవం, ఇవేవీ అప్పుడు నా మనసులో లేవు. నువ్వు సైకిలు ఇయ్యనన్నావు కదా, నేనూ ఇయ్యను. ఉన్నదల్లా అంతే.

అక్క నా ముఖంలోకి చూసింది. "ఆరు మైళ్ళు పాపా" అంది. ఊళ్ళోకి పోయినా ఆ రోజు షాపులు తెరిచి ఉండవు, దండ వేసిన సైకిలును ఎవరూ బయటికి తీయరు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సైకిలును మా అరుగుకు ఆనించి, హ్యాండిలుకు తగిలించిన సంచీ తీసుకుని, ఎండలో అహోబిలం దారి పట్టి నడిచిపోయింది. కొంతదూరం పోయాక నడక చాలక పరుగందుకోవడం కూడా చూశాను.

మొదట గెలిచినట్టే ఉంది. దీపంలో నూనె పోశాను. వత్తి ఎగదోశాను. కాసేపటికి ఆ గెలుపు ఎక్కడికో పోయింది. లేచి పెరటి తలుపు దాకా పోయి గడియ మీద చెయ్యి వేశాను. ఇప్పుడు పిలిస్తే అప్పుడెందుకు పిలవలేదని అడుగుతాడు కదా అని వెనక్కి వచ్చి కూర్చున్నాను. మళ్ళీ పోయాను. మళ్ళీ వచ్చాను. ఆ గడియ నాకు అందని ఎత్తులో ఏమీ లేదు.

తాతయ్య వచ్చేసరికి అరగంట అయి ఉంటుంది. ఇంటి పక్క సందులోంచి ముందుకు వచ్చి సైకిలును చూశాడు.

"ఇది నర్సమ్మ సైకిలు కదా, ఈడెందుకుంది?"

చెప్పాను. కాన్పు సంగతి, ఆరు మైళ్ళ సంగతి, అన్నీ చెప్పాను. పానా అడిగితే పూజలో ఉంది, ముట్టుకోగూడదన్నానని కూడా చెప్పాను. తాత లేడు అన్న మాట ఒక్కటే దాచాను.

"నన్నెందుకు పిలవలా?"

"దీపం కొండెక్కుతుందని."

ఆయన కాళ్ళు కూడా కడుక్కోకుండా పూజ గదిలోకి పోయి, దండ పక్కకు నెట్టి పానా తీసుకుని, ఆ కుంకుమంతా తన పంచెకే తుడిచేశాడు. పొద్దున్నుంచీ ఎవరినీ ముట్టుకోనివ్వని చెయ్యి అది. అరుగు ముందు కూర్చుని విరిగిన లింకును గాడిలో పెట్టి, స్క్రూ తిప్పి పిన్నును నెట్టాడు. ఆ లింకును తీసి పారేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి, పిన్నును మళ్ళీ లోపలికి నెట్టి రాతితో రెండు దెబ్బలు వేశాడు. గ్లాసుడు మజ్జిగ తాగినంతసేపు పట్టిందంతే. తర్వాత ఆ లేడీస్ సైకిలే ఎక్కి, దగ్గుకుంటూ, మోకాళ్ళు హ్యాండిలుకు తగులుతుంటే తొక్కుకుంటూ పోయాడు. ఎదురింటివాళ్ళు చూసి నవ్వారు.

మూడో మైలు దాటాక అక్కను కలిశాడట. సైకిలు ఆమెకు ఇచ్చేసి, ఆ ఎండలో నడిచి వచ్చాడు. వచ్చి అరుగు మీద పడుకున్నాడు. అమ్మ అన్నానికి పిలిస్తే, ఆ తల్లికి క్షేమంగా కాన్పయిందని తెలియనీ అన్నాడు.

అది తెలిసింది దశమి పొద్దున. అక్క పోయేసరికే బిడ్డ బయటపడింది. ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకుని ఉందట, ఏడవలేదు. మంత్రసాని చేతులెత్తేస్తే, అక్క ఆ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని నోట్లో నోరు పెట్టి చాలాసేపు ఊపిరి ఊదిందట. తల్లి బతికింది. ఆ అరగంట ముందు చేరి ఉంటే బిడ్డ బతికేదా అంటే ఎవరూ చెప్పలేరు. అక్క కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆలస్యం ఎందుకయిందని ఎవరడిగినా చైను తెగిందని మాత్రమే అంది. మా ఇంటి పేరు గానీ నా పేరు గానీ ఎత్తలేదు.

ఎత్తింది మా తాతయ్యే. నన్ను వేలు పట్టుకుని పక్కింటికి తీసుకుపోయాడు. అక్క వసారాలో కూర్చుని ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తాతయ్య ఆమె ముందు నిలబడి, ఆమె తల్లిదండ్రులు వింటుండగా, "పిల్లది తప్పు కాదు బిడ్డా. ముట్టుకోగూడదని నేను నేర్పిచ్చినా, అది పాపం అట్లే పట్టుకునింది. తప్పు నాది. నన్ను మన్నించు" అన్నాడు. అంత పెద్దాయన ఇరవై రెండేళ్ళ పిల్ల ముందు చేతులు జోడించాడు. అక్క గబుక్కున లేచి ఆ చేతులు పట్టుకుంది. అక్కడ నేను నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆయన వేలు గట్టిగా పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను.

అంతటితో ఆయన ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నం తన సైకిలు మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని ఆ పల్లెకు తొక్కాడు. ఆ ఇంటి ముందు వేపచెట్టు కింద బిడ్డ తండ్రి పక్కన కూర్చుని, అక్కడా అదే చెప్పాడు. నా పూజ పిచ్చి వల్ల మీ నర్సమ్మకు ఆలస్యమయిందప్పా, ఆయమ్మను ఏమనుకోవద్దండి అన్నాడు. అతను, "మా రాత అట్లుందిలే పెద్దాయనా, నువ్వేం జేస్తావ్" అన్నాడు. లోపల గదిలో ఎవరో సన్నగా మూలుగుతూ ఏడుస్తున్నారు. ఆమెను నేను చూడలేదు. ఆ గొంతు మాత్రం విన్నాను.

మరుసటి సంవత్సరం నవమి వచ్చింది. అమ్మ పసుపు గుడ్డ పరిచి పిలిస్తే తాతయ్య లోపలికి రాలేదు. పానాకు నూనె రాయలేదు, బొట్టు పెట్టలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా అరుగు మీద, దారి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏం తాతా, పూజ చేసుకోలేదా అని దారిన పోయేవాళ్ళు అడిగితే, ఈ పొద్దు అంగళ్ళన్నీ మూసుంటారు కదప్పా, ఎవురికన్నా అవసరం పడతాదేమో అనేవాడు. ఆ రోజు ఎవరికీ అవసరం పడలేదు. ఆ తర్వాత ఆయన బతికిన ఎనిమిదేళ్ళూ ప్రతి నవమికీ అలాగే కూర్చున్నాడు. అన్నిటికన్నా ఇష్టమైన పండగను నా అబద్ధం ఆయన చేతుల్లోంచి లాగేసుకుంది. ఆ ముఖంలోని ఆ మెరుపు నేను మళ్ళీ చూడలేదు.

చెప్పాలని అనుకోలేదని కాదు. నంద్యాల కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన ఒక నవమినాడు ధైర్యం చేసి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను. "తాతా, ఆ రోజు..." అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "ఇంగా దాన్నే తలుచుకుంటాండావా? నీకప్పుడు ఏం వయసమ్మా. నేను నేర్పిచ్చిందే కదా నువ్వు జేసింది" అన్నాడు. ఆ చెయ్యి అలాగే ఉండాలనిపించింది. నిజం చెబితే దాన్ని తీసేస్తాడేమోనని భయపడ్డాను. తీసేసేవాడు కాదని ఇప్పుడు నాకు బాగా తెలుసు. నోరు మూసుకున్నాను. ఆ చలికాలమే దగ్గు ముదిరి ఆయన పోయాడు. నంద్యాల నుంచి నేను వచ్చేసరికి నడవలో పడుకోబెట్టి ఉన్నారు.

పక్కింటి అక్క తర్వాత బదిలీ మీద సున్నిపెంటకు పోయి, అక్కడే పెళ్ళి చేసుకుని, అక్కడే స్థిరపడింది. మొన్న శ్రీశైలం పోయినప్పుడు వెతుక్కుంటూ ఆమె ఇంటికి పోయాను. ఎనభైకి దగ్గర పడుతోంది, వినికిడి కాస్త తగ్గింది, మనిషి మాత్రం అదే మనిషి. నన్ను గుర్తుపట్టి పాపా అనే పిలిచింది. అరవై ఏళ్ళు దాటినదాన్ని నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. కాఫీ తాగాక, వచ్చిన పని ఇక దాచుకోలేక అంతా చెప్పేశాను. మడ్‌గార్డు నుంచి మొదలుపెట్టి, పెరటి తలుపు గడియ దాకా.

అక్క విని, గ్లాసు అంచు తుడిచింది. "నాకు ఆ పొద్దే తెలుసు పాపా" అంది. "మీ తాత సైకిలు తెచ్చిచ్చినప్పుడు ఆయప్ప పంచె మడతలో బంతిపూలు ఇంగా ఉండాయి. యాడికో దూరం పోయిన మనిషి కాదని అప్పుడే తెలిసిపాయ. నువ్వు పసిదానివి, నీ మీద చెప్పి ఏం జేయాల అనుకున్నా." నా వైపు తిరిగి అడిగింది. "తాతకు చెప్పినావా?"

"లేదక్కా."

ఆమె ముఖంలో నేను ఎదురుచూసిన కోపం రాలేదు. క్షమించానన్న మాట కూడా రాలేదు. "అయ్యో, నువ్వు చెప్పలేదని నాకు ముందే తెలిసింటే ఆయప్పకు నేనన్నా చెప్పుండేదాన్నే. నువ్వు చెప్పుంటావులే అనుకున్నా" అంది. తర్వాత, "నాకు చెప్పి ఏం లాభం పాపా. ఈ మాట నాది కాదు" అని లేచి, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడవి దాటినంతసేపూ ఆ మాటే నా పక్క సీట్లో కూర్చున్నట్టు ఉంది. బడిలో పనిచేసినన్నాళ్ళూ అబద్ధమాడిన పిల్లను నేను ఎప్పుడూ కొట్టలేదు. ఎవరికి చెప్పాలో వాళ్ళకు ఈ పొద్దే చెప్పిరా అని పంపించేదాన్ని. పిల్లలు పోయి చెప్పి, ముఖం తేటపడి తిరిగి వచ్చేవారు. వాళ్ళను చూస్తే నాకు అసూయగా ఉండేది. నాకు చెప్పాల్సింది ఒక్క వాక్యమే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అప్పుడప్పుడు పైకే అంటుంటాను: తాతా, నువ్వు పెరట్లో ఉన్నావని తెలిసే, అక్క మీద కోపంతో లేవని చెప్పాను.